గడప నుంచి గడపకు ఎన్ని గంటలు?

ఫైనల్ ఇయర్‌లోకి వచ్చేసరికి మన క్లాసులో సగం మందికి సొంతూరు కాక ఇంకో ఊరు తయారవుతుంది. దాన్ని ఎవరూ చూసి ఉండరు. కానీ డెంటన్‌లో యూఎన్‌టీ, రిచర్డ్‌సన్‌లో యూటీ డాలస్, ఆర్లింగ్టన్‌లో యూటీఏ అని జడ్చర్ల, దేవరకద్ర, మక్తల్ అన్నంత ఈజీగా చెప్పేస్తుంటారు. ఇంట్లో ఈ మాట ఎత్తగానే మొదటి ప్రశ్న పైసల గురించి వస్తుంది. రెండోది, "అది ఎంత దూరం ఉంటది బిడ్డా?"

ఫోన్ తీసి చూసి, పద్నాలుగు వేల నాలుగు వందల కిలోమీటర్లు అంటాం. అమ్మకు గానీ నాయనకు గానీ ఆ అంకె ఏమీ చెప్పదు. వాళ్ళ ముఖాలు చూసి మనమే సర్దేస్తాం: "ఒక్క రోజుల పోతమే. పొద్దున ఎక్కితే సాయంత్రం దిగుడే."

నా పేచీ ఈ "ఒక్క రోజు"తోనే. శంషాబాద్‌కూ డాలస్‌కూ మధ్య విమాన దూరం ఎంత అనేది మంచి ప్రశ్నే. కానీ పాలమూరు, నల్లగొండ ఇళ్ళకు కావాల్సిన జవాబు అది కాదు. మన ఇంటి గడప దాటి అక్కడ మన గది గడప తొక్కేదాకా ఎన్ని గంటలు? అనుకోకుండా తిరిగి రావాల్సి వస్తే ఎన్ని గంటలు? ఈ రెండు లెక్కలూ ఇంట్లో కూర్చుని తేల్చకుండా లోన్ కాగితాల మీద నాయనతో సంతకం పెట్టించకూడదని నా అభిప్రాయం.

ముందు ఆ పద్నాలుగు వేల నాలుగు వందలు ఎక్కడిదో చూద్దాం. మనం ఇంజనీరింగ్ వాళ్ళం, అంకెను ఊరికే నమ్మొద్దు కదా. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 ఉత్తరం, 97.04 పడమర. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు పెట్టుకుని హావర్సైన్ సూత్రంలో వేస్తే 14,420 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. పైథాన్‌లో పది లైన్ల పని.

ఇందులో తమాషా ఒకటుంది. రెండు చోట్ల రేఖాంశాల తేడా దాదాపు 175 డిగ్రీలు, అంటే ఇంచుమించు భూమికి ఆ చెంప, ఈ చెంప. అందుకే అతి దగ్గరి దారి పడమరకూ పోదు, తూర్పుకూ పోదు. నేరుగా ఉత్తరానికి పోతుంది. గ్లోబు మీద దారం పట్టి చూడండి. శంషాబాద్ నుంచి ఢిల్లీ పక్కగా, కారకోరం పర్వతాల మీదుగా, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరిదాకా పోయి, అవతల కెనడా మీదుగా కిందికి దిగుతుంది. మనం గోడ మ్యాపులో ఊహించుకునే దారికీ దీనికీ సంబంధమే లేదు.

ఇంత చక్కని దారి ఉన్నా ఆ దారం వెంబడి మనల్ని తీసుకుపోయే విమానం లేదు. యంత్రానికి చేతకాక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఎయిర్‌బస్ ఏ350 ఆగకుండా పోతోంది. హైదరాబాద్ నుంచి షికాగోకు 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నేరుగా సర్వీసు మొదలుపెట్టింది, అది సుమారు 13,300 కిలోమీటర్లు. ఆ సర్వీసు నిలవలేదు.

అడ్డాలు వేరే ఉన్నాయి. ఒకటి కొండలు. విమానం లోపల గాలి పీడనం పడిపోతే వెంటనే పదివేల అడుగులకు దిగాలి. కింద ఇరవై వేల అడుగులు దాటిన శిఖరాలుంటే ఎక్కడికి దిగుతుంది? అందుకే కారకోరం, టిబెట్ మీద దారులను చాలావరకు తప్పించుకుంటారు. రెండోది దేశాల తగాదాలు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా ఆకాశం అమెరికా విమాన సంస్థలకు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ ఆకాశం మన దేశపు విమానాలకు మూసుకుపోయింది. ఆ తర్వాత ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో డీజిల్ కొట్టించుకునే లారీల్లాగా ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. మన సంస్థకు ఒక తలుపు మూత, వాళ్ళ సంస్థకు ఇంకో తలుపు మూత. మధ్యలో మనం.

కాబట్టి మన పిల్లలు ఎక్కువగా గల్ఫ్ మీదుగా పోతారు. దోహా మీదుగా లెక్కేద్దాం. శంషాబాద్ నుంచి దోహా 2,900 కిలోమీటర్లు, దోహా నుంచి డాలస్ 12,750. మొత్తం 15,650. నేరు దారి కంటే పన్నెండు వందలు ఎక్కువ. వినడానికి పెద్ద తేడా కాదు. అసలు తేడా కిలోమీటర్లలో లేదు, గంటల్లో ఉంది.

మక్తల్ నుంచి బయలుదేరే మనిషి లెక్క ఇట్లా ఉంటుంది:

మక్తల్ నుంచి శంషాబాద్ దాకా కారులో: 3 గంటలు
విమానానికి ముందు చేరి లైన్లలో నిలబడేది: 3 గంటలు
శంషాబాద్ నుంచి దోహా: నాలుగున్నర
దోహాలో ఎదురుచూపు, తక్కువలో తక్కువ: 3
దోహా నుంచి డాలస్: 16
ఇమిగ్రేషన్, సామాన్లు: ఒకటిన్నర
విమానాశ్రయం నుంచి గది దాకా: 1

మొత్తం 32 గంటలు. అందులో గాల్లో ఉండేది ఇరవైన్నర. నేరు దారిలో గంటకు 900 కిలోమీటర్ల లెక్కన పోతే 16 గంటల్లో అయిపోవాల్సిన దూరం ఇది. సరిగ్గా రెట్టింపు అయింది. పైగా ఇది అన్నీ కలిసొచ్చిన రోజు లెక్క. టికెట్ చవకగా ఉందని దోహాలో పది గంటలు ఆగేది కొంటే ముప్పై తొమ్మిది అవుతుంది. చవక టికెట్ కొనేది ఎవరు? మనమే.

మరి "పొద్దున ఎక్కితే సాయంత్రం దిగుడే" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? టికెట్ మీద నుంచి. టికెట్ మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి, మధ్యలో దోహాలో ఆగి, ఇరవై మూడున్నర గంటల తర్వాత దిగితే అక్కడ గడియారంలో అదే తేదీ సాయంత్రం 5 అవుతుంది. టికెట్ చూసినోళ్ళకు పదమూడు గంటల ప్రయాణం లాగా కనబడుతుంది. వచ్చేటప్పుడు దీనికి ఉల్టా. పడమర నుంచి తూర్పుకు వీచే పైగాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి డాలస్ నుంచి దోహాకు గంట, గంటన్నర తక్కువే పడుతుంది. కానీ శుక్రవారం సాయంత్రం 6 గంటలకు ఎక్కితే శంషాబాద్‌లో దిగేది ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు. ఇంటికి వచ్చేటప్పుడు విమానం తొందరగా వస్తది, క్యాలెండర్ మాత్రం ఒక రోజు మింగేస్తది.

ఇక్కడ కొంతమంది అంటారు: దేవరకద్ర దగ్గర విమానాశ్రయం వస్తే మన దిక్కు వాళ్ళకు ఈ కష్టం తప్పుతుంది కదా అని. రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించిన ప్రాంతీయ విమానాశ్రయాల పట్టికలో మామునూరు, బసంత్‌నగర్, జక్రాన్‌పల్లి లాంటి పేర్లతో పాటు దేవరకద్ర కూడా ఉండింది. కానీ శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదనే షరతు ఉంది. వరంగల్ మామునూరుకు ఆ సంస్థ ఒప్పుకున్నాకే 2025లో కేంద్రం అనుమతి వచ్చింది. దేవరకద్ర నేరుగా కొలిస్తే శంషాబాద్‌కు వంద కిలోమీటర్ల లోపే. షరతు పక్కన పెట్టినా, అక్కడి నుంచి ఎగిరేది డెబ్బై సీట్ల చిన్న విమానం. అది డాలస్ పోదు. శంషాబాద్‌కే తీసుకుపోయి దింపితే, రోడ్డు మీద గంటన్నరలో పోయే చోటికి గంట ముందు పోయి లైన్లో నిలబడాలి.

నా దృష్టిలో మనం అడగాల్సింది రన్‌వే కాదు, బస్సు. 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు విమానాశ్రయం మారినప్పుడు అందరికంటే లాభపడాల్సింది పాలమూరు. బెంగళూరు హైవే పక్కనే, మన వైపు వచ్చి కూర్చుంది. మహబూబ్‌నగర్ నుంచి గీత గీస్తే 73 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి 92. విమానానికి అది ఐదారు నిమిషాల దూరం. మనకు మాత్రం ఒక్కరిని ఎక్కించడానికి తుఫాన్ బండి కిరాయికి మాట్లాడుకుని, దాని నిండా చుట్టాలను ఎక్కించుకుని, రాత్రంతా జాగారం చేసే దూరం. దేవరకొండ, మిర్యాలగూడ వాళ్ళయితే బస్సులో వచ్చినా హైదరాబాద్‌లో ఇంకో బస్సు మారాలి. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండో రైలు లైను పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశారు. ఆ లైను మీద ఉందానగర్ స్టేషన్ విమానాశ్రయానికి దగ్గర. అర్ధరాత్రి దాటినాక పోయే విమానాలకు అందేటట్టు మహబూబ్‌నగర్ నుంచి ఒకటి, నల్లగొండ నుంచి ఒకటి టెర్మినల్ గేటు దాకా బస్సు, ఉందానగర్ నుంచి ఒక చిన్న బస్సు నడిస్తే ఈ ముప్పై రెండు గంటల్లో గంటో గంటన్నరో తగ్గుతుంది, కిరాయి బండి ఖర్చు కూడా తప్పుతుంది. డాలస్‌కు డైరెక్ట్ ఫ్లైట్ కావాలని అడిగేవాళ్ళు మస్తుమంది ఉన్నారు. అది వస్తే ఆరేడు గంటలు తగ్గుతాయి, నిజమే. అయినా ఇరవై ఐదు గంటలు మిగిలే ఉంటాయి.

ఆ మిగిలిన గంటల గురించే నేను అసలు చెప్పాలనుకున్నది.

పాలమూరుకు వలస కొత్త కాదు. దేశంలో ఏ ప్రాజెక్టు దగ్గర మట్టి పని జరిగినా "పాలమూరు లేబర్" అనే మాట వినబడేది. నల్లగొండ పద్మశాలీలు షోలాపూర్, భివండి మగ్గాల దగ్గరికి పోయారు. నారాయణపేట, మక్తల్, కోస్గి దిక్కు ఊళ్ళకు ముంబై అంటే పొరుగూరు లెక్క. ముంబై ఎంత దూరమని ఆ తరం వాళ్ళను అడిగి చూడండి. కిలోమీటర్లు చెప్పరు. "ఒక రాత్రి" అంటారు. సాయంత్రం బస్సెక్కితే పొద్దున అక్కడ. కబురందితే మళ్ళీ సాయంత్రం బస్సెక్కితే పొద్దున ఇక్కడ. వాళ్ళకు దూరం అంటే తిరిగి రావడానికి పట్టే టైము. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు, రైళ్ళు బందైనప్పుడు లారీలెక్కి, నడిచి కూడా ఎందరో ఇల్లు చేరారు. ఆ మార్చిలోనే విదేశీ విమానాలు కూడా ఆగిపోయాయి. వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యేదాకా డాలస్‌లో ఉన్నవాళ్ళకు నడిచి వచ్చే దారి లేదు.

చదువుకున్న మనం దూరాన్ని వాళ్ళకంటే తప్పుగా కొలుస్తున్నాం. పోయే దారే కొలుస్తున్నాం, వచ్చే దారి కొలవడం లేదు.

ఎవరూ అనుకోవడానికి ఇష్టపడని లెక్క ఒకటి వేద్దాం. ఎండాకాలంలో సోమవారం రాత్రి 9 గంటలకు డాలస్‌లో ఫోన్ మోగింది. ఇక్కడ మంగళవారం పొద్దున ఏడున్నర. ఇంట్లో పెద్దమనిషి పోయారు. టికెట్ వెతికి, విమానం పట్టడానికి ఆరు గంటలు అనుకుందాం, అది కూడా అదృష్టం. గది నుంచి విమానాశ్రయం గంట. అక్కడ మూడు గంటలు. దోహాకు పద్నాలుగున్నర. అక్కడ మూడు. శంషాబాద్‌కు నాలుగు. బయటపడడానికి గంటన్నర. మక్తల్‌కు మూడు. మొత్తం 36 గంటలు. మన ఇంటి ముందు దిగేసరికి బుధవారం రాత్రి ఏడున్నర. పొద్దుగూకినంక చాలా ఊళ్ళల్లో అంత్యక్రియలు చెయ్యరు. కాబట్టి గురువారం పొద్దున. ఇది అన్నీ కలిసొస్తే. సీటు మర్నాటికి దొరికితే శుక్రవారం.

ఈ రెండు రోజులు ఊళ్ళో ఏం జరుగుతుంది? ఫ్రీజర్ బాక్స్ కిరాయికి తెస్తారు. కరెంటు పోతే ఎట్లా అని జనరేటర్ మాట్లాడతారు. వచ్చిన చుట్టాలకు వండి పెట్టాలి. "పిల్లగాడు ఎక్కడిదాకొచ్చిండు?" అని గంటకోసారి ఎవరో అడుగుతారు. జవాబు చెప్పేది తమ్ముడో, చెల్లెలో, బావో, పక్కింటి అన్నో. రాత్రంతా మేలుకునేది వాళ్ళే. ఇక్కడ నాకు తోచింది ఇది: దూరం పోయేది మనం, కానీ ఆ దూరాన్ని మోసేది ఉన్న ఊళ్ళో ఉన్నవాళ్ళు. మనం కొలిచే కిలోమీటర్లలో వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు.

"ఇప్పుడు దూరం ఎక్కడుంది రా, వీడియో కాల్‌లో రోజూ చూస్తున్నం కదా" అనే వాదన నాకు తెలుసు. అందులో నిజం లేకపోలేదు. ఉత్తరం కోసం నెల రోజులు ఎదురుచూసిన కాలం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. కానీ మాట చేరే దూరం వేరు, మనిషి చేరే దూరం వేరు. మొదటిది సున్నా అయింది. రెండోది ముప్పై ఆరు గంటలే ఉంది. అమ్మకు షుగర్ పడిపోయి రాత్రి కళ్ళు తిరిగితే వీడియో కాల్ ఆమెను జిల్లా ఆసుపత్రికి తీసుకుపోదు. ఎవరో బండి తీయాలి.

ఇంకో వాదన: ఇట్లా ఆలోచిస్తే ఎవరూ ఊరు దాటరు. నేను వద్దనడం లేదు. మన జిల్లాల్లో ఎన్నో ఇళ్ళ అప్పులు తీరింది, చెల్లెళ్ళ చదువులు సాగింది ఆ డాలర్లతోనే. పోవాలనుకున్నవాళ్ళు పోవాలి. పోయేవాళ్ళు ఈ లెక్క తెలిసి పోవాలి, పంపేవాళ్ళు తెలిసి పంపాలి అంటున్నా. "ఒక్క రోజుల వస్తం" అని చెప్పి పోయిన కొడుకు మూడో రోజుకు వస్తే అమ్మకు అది విమానం ఆలస్యం లాగా అనిపించదు, కొడుకు ఆలస్యం లాగా అనిపిస్తుంది.

అందుకే ఈ సంవత్సరం అప్లై చేస్తున్న మిత్రులకు నేను అడిగేది నాలుగు పనులు.

ఒక తెల్లకాగితం తీసుకుని, మీ ఇంటి నుంచి మీరు పోబోయే గది దాకా, మళ్ళీ అక్కడి నుంచి ఇంటిదాకా గంటల లెక్క అమ్మానాన్న ముందు కూర్చుని రాయండి. మక్తల్ లెక్క మిర్యాలగూడకు సరిపోదు, ఎవరిది వాళ్ళే వేసుకోవాలి.

ఇంటికి రావడానికి ఒక వైపు టికెట్‌కు సరిపడా డబ్బు విడిగా పెట్టుకోండి. అప్పటికప్పుడు కొనే టికెట్ ముందుగా కొన్న దానికంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఆ డబ్బు ఫీజు కోసం కూడా ముట్టుకోవద్దు.

కాగితాలు ఎప్పుడూ చేతికందేటట్టు ఉంచండి. ఐ-20 మీద కాలేజీ వాళ్ళ ట్రావెల్ సంతకం ఏడాది దాకే చెల్లుతుంది, ఓపీటీలో ఉంటే ఆరు నెలలే. ఆ సంతకం పాతబడితే, వీసా గడువు దాటితే ముప్పై ఆరు గంటల లెక్కకు ఇంకో ప్రశ్న తోడవుతుంది: పోతే మళ్ళీ రానిస్తారా? ఫోన్ మోగిన రాత్రి ఆ ప్రశ్నతో కుస్తీ పట్టొద్దు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. మీరు లేని ఆ గంటల్లో ఎవరు నిలబడతారో వాళ్ళను ఇప్పుడే అడగండి. తమ్ముడు ఉన్నాడు కదా అని అనుకోవడం వేరు, "రేయ్, నేను పోతే నాయనను చూసుకునేది నువ్వే, నీకు సమ్మతమేనా?" అని అడగడం వేరు. వాడికీ చదువు ఉంటుంది, వాడికీ డాలస్ ఉండొచ్చు. ఇద్దరూ పోయేదైతే ఆ మాట ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇంకో మాట. పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో పని చూసుకునో, మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ఏదో ఉద్యోగం చేసుకునో ఇంటిపట్టున ఉండిపోయే క్లాస్‌మేట్స్‌ను "ఏంరా, ఇక్కడనే ఉండిపోయినవ్?" అని అడగడం మన దగ్గర అలవాటైపోయింది. ఊళ్ళో ఎవరింట్లో ఆపద వచ్చినా అర్ధగంటలో చేరేది వాడే. మన కోసం బండి తీసేది వాడే. ఫేర్‌వెల్ రోజు వాడి నంబరు కూడా ఫోన్‌లో సేవ్ చేసుకుని, ఇంట్లో వాళ్ళకు కూడా ఇచ్చి పోండి.